బోర్డు పసుప్పచ్చగా కాలే

ముందే ఒక మాట ఒప్పుకుంటా. ఈ కథ ఎవ్వరికీ చెప్పనని నా స్నేహితురాలికి మాటిచ్చినా. ఉత్తగా కూడా కాదు, హిందూపురం బస్టాండులో దాని దుడ్లతో సమోసాలు తినుకుంటా ఇచ్చినా. ఇప్పుడు మీకు చెప్పేస్తాండా. సైమా అనేది దాని అసలు పేరు కాదు, నా నిజాయితీ అంతవరకే. కథలో నేను యాడా లేను. ఉండుంటే తనకన్నా బాగా చేసేదాన్నని గొప్పలు చెప్పుకుందును. ఆ అవకాశం కూడా లేదు.

రెండువేల నాలుగులో సైమా డిగ్రీ కంప్యూటర్స్ అయిపోయి ఇంట్లో కూర్చోనుండింది. దాంతో చదివినోళ్ళు సగం మంది బెంగళూరు రైలెక్కేసినారు. వాళ్ళ నాయన మాత్రం "బెంగళూరు గింగళూరు వద్దు, ఈడే ఏదన్నా చూసుకో" అన్నాడు. ఈడ ఏముంటాది, మన మొహం! అట్ల గోళ్ళు గిల్లుకుంటా ఉన్నప్పుడు, సర్కారు ఎలిమెంటరీ బడుల్లో కంప్యూటర్లు పెట్టే ఒక సంస్థ వాళ్ళు పెనుకొండలో ఒక బడికి మనిషి కావాలన్నారు. సైమా పొద్దున హిందూపురంలో బస్సెక్కేది, సాయంత్రం పెనుకొండలో బస్సెక్కేది. మధ్యలో మేడం అయ్యేది.

బళ్ళో ఒక గది ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టినారు. దుమ్ము పడకుండా వాటికి పూల దుప్పట్లు కప్పేవాళ్ళు. పిల్లోళ్ళు చెప్పులు బయట ఇడిసి, గొంతు తగ్గించి, దేవుడి గదిలోకి వచ్చినట్ల వచ్చేవాళ్ళు. సీడీల్లో కథలుండేవి. తెర మీద బొమ్మ, బొమ్మ కింద రెండు మూడు లైన్లు. స్పీకర్లో ఒకామె చదువుతా ఉంటే, ఆమె ఏ మాట పలికితే ఆ మాట పసుప్పచ్చగా మెరిసేది. కథ అయిపోయినాక ప్రశ్నలు. సరిగ్గా చెప్తే కంప్యూటరే చప్పట్లు కొట్టేది.

పిల్లలెక్కువ, కంప్యూటర్లు తక్కువ. కాబట్టి ముగ్గురికి ఒకటి. సంస్థ వాళ్ళు దీనిక్కూడా ఒక మంచి పేరు పెట్టినారు, కలిసి నేర్చుకోవడం అని. జట్టుకొక పేరు, జట్టుకంతా కలిపి ఒక మార్కు. ఒకరు మౌస్ పట్టాల, ఒకరు పైకి చదవాల, ఒకరు ప్రశ్నలకు జవాబు చెప్పాల. రోజూ వంతులు మార్చుకోవాలని రూలు. పిల్లలు మార్చుకోలేదు. ఎవరికి ఏది బాగా వస్తే వాళ్ళు అదే పట్టుకున్నారు, పెద్దోళ్ళు ఆఫీసుల్లో చేసేది అదే కదా. సైమా చూసింది, పోనీలే అనుకుంది. మార్కులు బాగా వస్తాండాయి. బాగా వచ్చేదాన్ని ఎవరు కదిలిస్తారు?

అన్నిట్లోకీ జాజిపూల జట్టు ముందుండేది. మౌస్ తౌసీఫ్‌ది, వాన్నుంచి దాన్ని గుంజుకోవాలంటే పోలీసులు రావాల. జవాబులు ప్రీతివి. ప్రీతి కిరాణా అంగడోళ్ళ పాప, ఇంట్లో పొట్లం కట్టిన పేపర్లు కూడా చదివేది. పైకి చదివేది షమీమ్. రెండో తరగతి, రెండు జడలు, ముందర ఒక పన్ను లేదు. దూది ఏకి పరుపులు కుట్టే మస్తాన్ కూతురు.

షమీమ్ చదువుతుంటే పక్క జట్లు ఆగిపోయి వినేవి. తెర మీద లైను కింద వేలు నడుపుతా, యాడ ఆగాల్నో ఆడ ఆగి, కుందేలుకు ఒక గొంతు, కప్పకు ఒక గొంతు పెట్టేది. స్పీకరామె కోస్తా వైపు మనిషి. మామూలుగా "మా అవ్వ ఇంట్లోనే ఉండాది మేడం" అనే షమీమ్, కథ చదివేటప్పుడు మాత్రం "కుందేలు ఇంట్లోనే ఉంది" అనేది. సైమాకు ఆ "ఉంది" వింటే మురిపెంగా ఉండేది. కంప్యూటర్ వచ్చి మన పిల్లోళ్ళ భాష ఎంత బాగు చేసిందో అని సంస్థ వాళ్ళకు ఫోన్లో చెప్పింది కూడా. మొట్టమొదట అనుమానం రావాల్సిందే ఆడ.

మస్తాన్‌కు చదువు లేదు. పరుపుల పని మీద ఆ పక్కకు వచ్చినప్పుడల్లా కిటికీ కాడ నిలబడేవాడు, నెత్తి నిండా దూది పింజలతో.

"ఏం మేడం, ఇది నిజంగానే సదువుతాందా?" అని అడిగినాడు ఒకసారి.

"అన్నా, మీ పాప క్లాసుకే ఫస్టు."

"మా వంశంలో అచ్చరం ముక్క ఎరిగినోడు లేడు మేడం. ఇది యాన్నుంచి ఊడిపడిందో!" అని నగినాడు. నగుతా నగుతా పైపంచెతో కండ్లు తుడుసుకున్నాడు, దూది పడిందని సాకు చెప్పి.

ఆ మాట సైమా బస్సులో ఇంటిదాకా దాచుకోని పోయింది.

అట్లుండగా ఒక శుక్రవారం సంస్థ పెద్దాయన ఢిల్లీ నుంచి బడి చూసేకి వస్తాడన్నారు. ఆయనకు నచ్చితే ఆ చుట్టుపక్కల బడులన్నీ చూసుకునే పని సైమాకిచ్చి ధర్మవరం ఆఫీసులో కూర్చోబెడతామని ముందే చెవిన వేసినారు. సైమాకు ఆ కుర్చీ కావాల్సొచ్చింది. దాంట్లో దాపరికమేం లేదు.

హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం సారు దండ తెప్పించినాడు, బిస్కెట్లు తెప్పించినాడు. మస్తాన్ కొత్త చొక్కా వేసుకోని కిటికీ కాడికొచ్చినాడు. పెద్దాయన మంచోడే, పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు.

"స్పీకర్ ఆపేద్దాం సార్, పాప సొంతంగా చదువుతాది," అని సైమా ఇంగ్లీషులో చెప్పి సౌండు తీసేసింది. ఎంత ధైర్యమో చూడండి! అప్పటికి దానికి నిజంగానే తెలీదు. అది మాత్రం దాని తరఫున నేను ఎవరి ముందరైనా చెప్తా.

కథ ఏమంటే, ఒక కుందేలు సంతలో గొడుగు కొంటాది. షమీమ్ మొదలుపెట్టింది. "కుందేలు సంతకు వెళ్ళింది. ఎర్రని గొడుగు కొంది." గొంతు గంట కొట్టినట్ల ఉండాది. పెద్దాయనకు ముచ్చటేసి, తౌసీఫ్ చేతిలోంచి మౌస్ తీసుకోని తానే బాణం గుర్తు నొక్కినాడు. ఒకసారి నొక్కితే కదల్లేదని మళ్ళా మళ్ళా నొక్కినాడు. తెర ఎగిరి కథ చివరికి పోయింది. ఆడ కుందేలూ లేదు, సంతా లేదు. వానలో గొడుగు కింద కూర్చున్న కప్ప ఒకటే ఉండాది.

షమీమ్ ఆగలేదు. "గొడుగు భుజాన వేసుకుని కుందేలు ఇంటికి బయలుదేరింది," అని చదువుతానే ఉండాది. వేలు కప్ప కింద లైను మీద సాఫీగా నడుస్తాండాది. కండ్లు తెర మీద లేవు, పెద్దాయన మొహం మీద ఉండాయి.

సైమా తెర మీది కప్పను చూసింది, షమీమ్ వేలును చూసింది.

ప్రీతి చూసింది. షమీమ్ మోచేతిని గిల్లింది. షమీమ్ గిల్లుడు దులిపేసుకోని ఇంకా బాగా చదివింది. సుబ్రహ్మణ్యం సారు కూడా చూసినాడు. చూసి, బిస్కెట్ల ప్లేటు సర్దే పనిలో పడినాడు. షమీమ్ ముగించింది. పెద్దాయన చప్పట్లు కొట్టినాడు. కిటికీ కాడ మస్తాన్ కొట్టినాడు. గదంతా కొట్టింది.

సైమా కూడా కొట్టింది. ఎవ్వరూ చెయ్యి పట్టి కొట్టించలేదు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సైమాకు గాలి ఆడలేదు. ఎందుకంటే ఈ విద్య దానికి కొత్త కాదు. చిన్నప్పుడు హిందూపురంలో వాళ్ళ వీధి చివర ఆపా అని అందరూ పిలిచే ఒకామె దగ్గరికి అరబ్బీ చదువుకు పోయేది. ఆపా ఒకసారి చదివితే సైమా చెవితో పట్టేసేది. వేలు కుడి నుంచి ఎడమకు వరస మీద పోయేది, నోరు దాని దారిన అది పోయేది. ఇంట్లో వాళ్ళంతా ఎంత బాగా చదువుతాందో అని మురిసేవాళ్ళు. ఒక రోజు ఆపా పేజీ మధ్యలో వేలు పెట్టి "ఈడ్నుంచి చెప్పు" అనింది. సైమా మళ్ళా పైనుంచి ఎత్తుకుంది. ఆపా తిట్టలేదు, నగలేదు. మొదటి అక్షరం కాడికి తీసుకపోయి కూర్చోబెట్టింది.

అంటే షమీమ్ వేలు ఎట్ల నడుస్తాందో ఆ బడి మొత్తంలో కనిపెట్టగలిగిన మనిషి సైమా ఒక్కతే. వేలూ తనదే, గొంతూ తనదే, కుడి ఎడమలు మారినాయి అంతే. అయినా ఒక్కరోజు కూడా మధ్యలో వేలు పెట్టి అడగలేదు. కంప్యూటర్ అడగమనలేదు కాబట్టి అడగలేదు.

శనివారం సరిచేద్దామనుకుంది. శనివారం పొద్దున్నే సుబ్రహ్మణ్యం సారు గేటు కాడే ఎదురొచ్చినాడు. "ఏమ్మా సైమా, ఫోనొచ్చిందమ్మా! బడికి ఇంకా కంప్యూటర్లు ఇస్తారంట. ధర్మవరం కుర్చీ నీకేనంట."

"సార్, నిన్న పాప…"

"చూసినాలేమ్మా. చిన్న పిల్ల, రేపో మాపో వస్తాది. ఇప్పుడెందుకు దాన్ని కెలికేది?"

కెలకలేదు. ఆ రోజు జాజిపూల జట్టుకు కథ కాకుండా బొమ్మలకు రంగులేసే ఆట పెట్టింది. షమీమ్ అడిగింది కూడా, "ఈ పొద్దు సదివేది లేదా మేడం?" అని. సైమా మొహం తిప్పుకోని "సోమారం చదువుదాంలే" అనింది.

ఆదివారం మస్తాన్ పరుపులు ఇచ్చేకి కూతుర్ని తీసుకోని ధర్మవరం పోయినాడు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ బావమరిది బస్టాండు దాకా వచ్చినాడు. ఎప్పుడూ అయితే మస్తాన్ ప్రతి బస్సు కాడికీ పోయి "ఏమప్పా, పెనుకొండకు పోతాదా?" అని అడిగి ఎక్కేవాడు. ఆ రోజు అడగలేదు. బావమరిది అడగబోతే చెయ్యి పట్టి ఆపినాడు.

"ఎవుర్నీ అడగొద్దు. మా షమీమ్ సదువుతాది సూడు! ఢిల్లీ సారే సప్పట్లు కొట్టినాడు."

షమీమ్ బోర్డుకేసి చూసింది. నాయన మొహంకేసి చూసింది. నాయన మొహంలో ఏ ఊరి పేరు ఉండాదో చూసి, వేలు పైకెత్తి గాల్లో నడిపి, "పెను…కొండ" అని చదివింది. స్పీకరామె గొంతుతో, ఎంతో స్పష్టంగా. మస్తాన్ బావమరిదికేసి ఒక చూపు చూసి బస్సెక్కినాడు.

ఊరు దాటినాక కండక్టరొచ్చినాడు. "పెనుకొండకు ఒకటిన్నర," అన్నాడు మస్తాన్.

"ఏమప్పా, ముదిగుబ్బ బస్సెక్కి పెనుకొండంటావే! బోర్డు సూడలేదా?"

"సూసే ఎక్కినామప్పా. మా పాప సదివినాది."

"ఓహో! బలే సదివినాదిలే మీ పాప. కలెక్టరు చెయ్యి!"

బస్సంతా నగింది. ఒకామె ఒళ్ళో కోడి పెట్టుకోని మరీ నగిందంట. మస్తాన్, షమీమ్ నడిరోడ్డు మీద దిగినారు. నీడకు ఒక చెట్టు లేదు.

సోమవారం బడి గంట కొట్టకముందే మస్తాన్ కూతుర్ని రెక్క పట్టుకోని వచ్చినాడు. సైమాకు జరిగిందంతా వరండాలో నిలబెట్టి చెప్పినాడు. గొంతులో కోపం ఉండాది, కానీ ఆ కోపం సైమా మీద కాదు.

"మీరింత బాగా నేర్పిస్తే ఇది నా పరువు తీసినాది మేడం. మొండిది. ఈడైతే గడగడా సదువుతాది, ఆడ కావాల్నే తప్పు సదివినాది. ఎందుకే అంటే నోరిప్పదు. మీరే అడగండి."

షమీమ్ తల ఎత్తలేదు. కాలి బొటనవేలితో బండ మీద గీకుతాండాది.

"ఏమైంది షమీమూ?" అనింది సైమా.

షమీమ్ బండకేసే చూస్తా చెప్పింది. "బోర్డు పసుప్పచ్చగా కాలే మేడం."

"ఏం కాలేదే?" అన్నాడు మస్తాన్.

"పసుప్పచ్చగా కాలే నాయనా. ఎవురూ ముందు చెప్పలే. ఎట్ల సదివేది?"

మస్తాన్‌కు అర్థం కాలేదు. సైమాకు అయింది. గడప కాడ నిలబడిన సుబ్రహ్మణ్యం సారుకూ అయింది. ఆయన గబుక్కున "బస్టాండు కదా మస్తానూ, జనాన్ని చూసి బెదిరింటాదిలే" అన్నాడు. అని సైమాకేసి చూసినాడు. తలుపు తీసి పెట్టినట్ల ఉండాది ఆ చూపు.

సైమా ఆ తలుపులోంచి దూరింది. "అవునన్నా, బెదిరింటాది" అనింది.

ఈడ నేను దాన్ని ఆపి తిట్టినా, చెప్పేటప్పుడు. "ఛీ, ఏం మనిషివే నువ్వు?" అన్నా. "ఇంకా ఉండాది, విను," అనింది.

మస్తాన్ కూతురి గడ్డం పట్టి పైకెత్తినాడు. "బెదిరేదానివి సదువుకోడం ఎందుకు? మేడం పేరు చెడగొట్టినావు గదే! సారీ చెప్పు మేడంకు."

షమీమ్ చేతులు కట్టుకుంది. "సారీ మేడం," అనింది. ఆ రెండు మాటలూ మామూలు గొంతుతోనే అనింది. సైమా దాని సొంత గొంతు అంత దగ్గరగా వినడం అదే మొదలు.

"అన్నా," అనింది సైమా. "దానికి చదవడం రాదన్నా. కథలు చెవితో పట్టి ఒప్పజెప్తాది. నేను నేర్పలేదు. నేర్పినాననుకున్నా."

సుబ్రహ్మణ్యం సారు గొంతు సవరించుకున్నాడు. ఎవరూ ఆయనకేసి చూడలేదు.

"మరి ఆ పొద్దు సప్పట్లు కొట్టినారు గదా మేడం?"

"కొట్టినా."

"తెలీక కొట్టినారా?"

అవునంటే సరిపోయేది. మస్తాన్ నమ్మేవాడు కూడా. "లేదన్నా. తెలిసే," అనింది.

మస్తాన్ భుజం మీది పైపంచె తీసినాడు, దులిపినాడు, మళ్ళా వేసుకున్నాడు. అరవలేదు. అరిచుంటే బాగుండునని సైమా ఇప్పటికీ అంటాది.

"బస్సులో అందరూ నగినారు, అది పోనీ మేడం. దిగినాక రోడ్డు మీద దీన్ని కొట్టినా. అబద్ధాలు నేర్చినావే అని కొట్టినా. ఆ దెబ్బలు ఇప్పుడు యాడ పెట్టుకునేది?"

మస్తాన్ జవాబు కోసం నిలబడలేదు. కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి ఎట్ల తీయాలో తెలీనట్ల కొంచెంసేపు ఉండి, వెళ్ళిపోయినాడు.

సైమా లోపలికి పోయి స్పీకర్ల వైర్లు పీకేసింది. జట్లు విడగొట్టి ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పేజీ మధ్యలో వేలు పెట్టి "ఈడ్నుంచి చదువు" అనింది. షమీమ్ ఒక్కతే అయితే బాగుండు. ఎంత మంది పైనుంచి ఎత్తుకున్నారో నాకు చెప్పలేదు, నేను కూడా అడగలేదు. తౌసీఫ్ అయితే "మేడం, నాకు మౌస్ మాత్రమే వస్తాది" అని ముందే ఒప్పుకున్నాడు. ఆ గదిలో అందరికన్నా నిజాయితీ వానిదే.

ఆ మధ్యాహ్నమే ఎస్టీడీ బూత్‌కు పోయి ధర్మవరం ఆఫీసుకు ఫోన్ చేసి, మీరు చూసింది చదువు కాదని చెప్పేసింది. అవతలాయన "ఇట్లాంటివి ఫోన్లో చెప్పకూడదమ్మా" అన్నాడు. ధర్మవరం కుర్చీలో తరవాత ఎవరో కూర్చున్నారు. సుబ్రహ్మణ్యం సారు నెల దాకా సైమాతో ముక్తసరిగానే ఉండినాడు. అయితే అడిగిన వెంటనే నల్లబల్ల మాత్రం కంప్యూటర్ల గదిలోకి మార్పించినాడు.

కష్టమంతా షమీమ్‌తోనే. కంప్యూటర్ ముందర కూర్చోబెడితే చేతులు వెనక్కు దాచుకునేది. వేలు పెట్టేదే లేదు. "నువ్వు చదువు మేడం, నేను వింటా," అనేది. అంతకుముందు కథ కావాలని ఎగబడే పిల్ల, ఇప్పుడు కథంటేనే భయం. ఇది కూడా తన ఖాతాలోదే అనుకుంది సైమా.

అందుకే కంప్యూటర్ వదిలేసి, మస్తాన్‌ను అడిగి, సాయంత్రాలు తనతోపాటు పెనుకొండ బస్టాండుకు తీసుకపోయింది. మస్తాన్ ఔనూ అనలేదు, కాదూ అనలేదు. ఎదురు అంగడి అరుగు మీద కూర్చోని కాపలా కాసినట్ల చూసేవాడు. అంతకుముందు ప్రతి మాటకూ మేడం అనేవాడు, ఇప్పుడు పిలుపే లేదు.

బస్సు వస్తాది. షమీమ్ ముందు బోర్డుకేసి చూడదు, సైమా మొహంకేసి చూస్తాది. సైమా మొహంలో ఊరి పేరు ఉంటాదేమోనని. సైమా ఎంత బిగబట్టినా కనుబొమ్మ అన్నా కదిలేది, షమీమ్ పట్టేసేది. పిల్లకు అక్షరాలు రావు గానీ మొహాలు మాత్రం పుస్తకం చదివినట్ల చదువుతాది. చివరికి సైమా పిల్లకు వీపు చూపించి, గోడకేసి తిరిగి నిలబడ్డం మొదలుపెట్టింది. జనాలు ఈ మేడంకు ఏమైందప్పా అని చూసేవాళ్ళు. చూడనీ అనుకుంది. పిల్ల మొహం చూడకుండా ఉండేకి అది సైమాకు కూడా ఒక వీలే అయింది.

ఒక సాయంత్రం వెనకనించి సన్నగా వినిపించింది. "హిం… దూ… పు…" మధ్యలో ఆగింది. మళ్ళా మొదట్నుంచి ఎత్తుకోలేదు, ఆగిన కాడ్నుంచే ఎత్తుకుంది. "పు… రం." స్పీకరామె గొంతు కాదు. ముందర పన్ను లేని గొంతు.

సైమా తిరిగేలోపల బస్సు కదిలిపోయింది. అది దాని బస్సే. బోర్డు చదివేదాకా ఆగమని బస్సుకు ఎవరు చెప్తారు?

అరుగు మీద మస్తాన్ లేచి నిలబడినాడు. సైమా ఆయన చప్పట్లు కొడతాడేమోనని భయపడిందంట. కొట్టలేదు. దగ్గరికొచ్చి కూతురి చెయ్యి పట్టుకోని, "ఇంకో బస్సు ఉండాదిలే మేడం," అన్నాడు. అని, ఎందుకైనా మంచిదని పోయి కండక్టర్ను అడిగొచ్చినాడు.

ఇదీ కథ. సైమాకు తన లాగా తప్పు చేసినోళ్ళు ఈ లోకంలో ఇంకొకరు లేరని గట్టి నమ్మకం. నాకు లేదు. మీరెప్పుడన్నా తెలిసి తెలిసి తప్పుడు చప్పట్లు కొట్టింటే, ఆ తరవాత ఏం చేసినారో నాకు రాయండి. ఏమీ చెయ్యకపోయినా రాయండి. పేర్లు నేను మారుస్తా. సైమాకు చదివి వినిపిస్తా, అప్పుడైనా నేను మాట తప్పినానన్న కోపం మరిచి నాతో మాట్లాడుతాదేమో.